గళంలో గండం

ఆరు వారాలుగా యీ పేజీలో నేను కనిపించలేదు. "కాలేజీ మారారా?" అని ఒకరు, "పద్యాలమీద విసుగు పుట్టిందా?" అని మరొకరు, "ఒంట్లో కులాసాగా లేదా?" అని ముగ్గురు ఉత్తరాలు రాశారు. ఆ ముగ్గురి వూహే నిజం. నా మెడలో ఒక గడ్డ వుండేది. తీయించుకున్నాను. యిప్పుడు కులాసాగానే వున్నాను. అడిగినవారందరికీ నమస్కారాలు.

మాటల గురించీ, పద్యాల గురించీ చెప్పుకునే పేజీలో ఆస్పత్రి కబుర్లు యెందుకని నేను కాస్త వెనకాడాను. సంపాదకులతో ఆ మాటే అంటే, "థైరాయిడు మాట వినపడని యిల్లు యీ రోజుల్లో యెక్కడుందండీ? రాయండి" అన్నారు. నిజమే. మా స్టాఫు రూములో పదకొండుమంది ఆడవాళ్లం వుంటే, పరగడుపున థైరాయిడు మాత్ర వేసుకునేవాళ్లు నలుగురు. కాబట్టి యీ వారం పద్యం లేదు. కాని మాట మాత్రం వుంది. ఒకే ఒక్క మాట మా యింటిల్లిపాదినీ పదిరోజులపాటు నిద్రపోనివ్వలేదు. ఆ కథే యిది.

కంఠమణికి కాస్త కిందుగా, శ్వాసనాళానికి ముందువైపు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలాగా వుంటుంది యీ గ్రంథి. తూకం యీనాటి లెక్కలో రెండు తులాలు. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని 'అవటుగ్రంథి' అంటారు. అమరకోశం తిరగేస్తే అవటువు అంటే మెడ వెనకభాగం! ముందున్న గ్రంథికి వెనకభాగం పేరు యెలా పట్టిందో గాని, పిల్లలు బట్టీపట్టి పరీక్షలు పాసవుతున్నారు. ఆ గ్రంథి వాస్తే వచ్చేది గళగండం. సుశ్రుతుడు కూడా చెప్పిన జబ్బు. సంస్కృతంలో గండమంటే చెక్కిలి, గడ్డ అనే అర్థాలున్నాయి. మనకి మాత్రం గండమంటే ప్రాణాపాయమే. "గళగండం గండమేమీ కాదర్రా" అని నేను క్లాసులో యెన్నోసార్లు హాస్యమాడాను. ఆ హాస్యం నామీదికే తిరిగింది.

పన్నెండేళ్లుగా మెడ కుడివైపున చిన్న వుబ్బు వుండేది. గొలుసు వేసుకుంటే కనపడేది కాదు. నొప్పి లేదు, రక్తపరీక్షలు సరిగానే వున్నాయి. కిందటి యేడాదినుంచీ వెల్లకిలా పడుకుంటే వూపిరి బిగపట్టినట్టుండేది. అన్నం ముద్ద దిగేటప్పుడు అడ్డు తగిలేది. గుంటూరు వెళ్లి స్కానింగు తీయించుకున్నాను. కుడి రెక్కలో మూడు గడ్డలు. పెద్దది నిమ్మకాయంత. దాంట్లోకి సన్నసూది పెట్టి కణాలు తీసి పరీక్ష చేశారు. చెడ్డ గడ్డ కాదన్నారు. యెడమ రెక్క శుభ్రంగా వుందన్నారు. శ్వాసనాళాన్ని పక్కకి నెడుతున్నది కాబట్టి కుడిసగం తీసేస్తే మంచిదని సలహా యిచ్చారు.

"కాన్సరు కాదుగదా, డాక్టరుగారూ?" అని అడిగాను.

"సూది పరీక్షలో కాదనే వచ్చిందమ్మా. అయినా తీసిన ముక్కని మొత్తం పరీక్షకి పంపుతాం" అన్నారాయన.

మొదటి వాక్యం నాకు వినిపించింది. రెండోది వినిపించలేదు. పాతికేళ్ల కింద నా క్లాసులో కూర్చున్న పిల్లలు కూడా యిలాగే సగం పాఠం విని వుంటారు.

ఆపరేషను బాగా జరిగింది. మూడోనాడు యింటికి వచ్చేశాను. గొంతు మాత్రం బొంగురుపోయింది. "కొన్ని వారాల్లో సర్దుకుంటుంది" అన్నారు. పదోరోజున కట్టు విప్పించుకుని, గాయం మానిందని సంతోషంగా బయటికి వస్తుంటే, బిల్లుల దగ్గర కూర్చున్న అమ్మాయి వెనక్కి పిలిచింది. "బయాప్సీ రిపోర్టు తీసుకోకుండా వెళ్తున్నారేమండీ?" అంది. నిజంగా మర్చిపోయాను. ఆ అమ్మాయి పిలవకపోతే ఆ కాగితం అక్కడే వుండిపోయేది.

కారులో కూర్చుని చదివాను. మొదటి నాలుగు పంక్తులూ నిమ్మకాయంత గడ్డ గురించి. ప్రమాదం లేనిదని రాశారు. అయిదో పంక్తిలో, ఆ గడ్డకి దూరంగా, అదే సగంలో, నాలుగు మిల్లీమీటర్ల పాపిల్లరీ కార్సినోమా యాదృచ్ఛికంగా కనిపించిందని వుంది. నాలుగు మిల్లీమీటర్లంటే పెసరగింజంత. కార్సినోమా అంటే కాన్సరు.

మావారు కారు పక్కకి ఆపారు. యిద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఆ సాయంత్రం మా యిల్లు మీరు చూడవలసింది. అత్తగారు దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. మేనల్లుడు ఫోనులో అరగంట వెతికి, మొహం మాడ్చుకుని, "అత్తా, రెండో ఆపరేషను చేయించుకోవాలని రాశారు, అక్కర్లేదని కూడా రాశారు" అన్నాడు. పెద్దాడపడుచు విజయవాడనుంచి ఫోను చేసింది. ఆవిడకి తొమ్మిదేళ్ల కింద యిదే ఆపరేషను జరిగింది కాబట్టి యింట్లో అందరికన్నా అనుభవశాలి. "చూడమ్మాయ్, చిన్నపామునైనా పెద్దకర్రతో కొట్టాలన్నారు. మిగతా సగం కూడా తీయించేసుకో. పీడ విరగడైపోతుంది" అంది.

నాకూ అదే సబబనిపించింది. ఒంట్లో కాన్సరు వుందని తెలిశాక యెవరైనా మరొకలా యెందుకు ఆలోచిస్తారు? కాని గొంతు యింకా బొంగురుగానే వుంది. స్వరపేటికని కదిలించే నరాలు థైరాయిడు వెనకగా, రెండువైపులా రెండు పోతాయి. వాటి పక్కనే, వెనకవైపు, బియ్యపుగింజల్లాంటి నాలుగు బుల్లి గ్రంథులుంటాయి. రక్తంలో కాల్షియాన్ని కాపాడేవి అవే. కుడిపక్కకి ఒకసారి కత్తి తగిలింది. యెడమపక్కకి కూడా తగలనివ్వాలా? నేను గొంతుతో బతికేదాన్ని. గజేంద్రమోక్షం పాఠం చెప్పేటప్పుడు పద్యం పైస్థాయికి యెత్తుకోకపోతే ఆ యేనుగు మొరపెట్టినట్టే వుండదు.

అందుకని నాలుగు రోజులాగి, మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. యీసారి పిల్లలకి చెప్పినట్టు నేనే ప్రశ్నలు కాగితంమీద రాసుకుని వెళ్లాను. యిది నాకే యెందుకు వచ్చింది? ముందు యెందుకు కనపడలేదు? ప్రాణానికి యెంత ముప్పు? మిగతా సగం తీయించుకోవాలా? ఆయన ముప్పావుగంట వోపిగ్గా చెప్పారు. ఆ తరవాత నేను చదివి తెలుసుకున్నది కూడా కలిపి మీకు చెబుతున్నాను.

మొదటి ప్రశ్న. యిలాంటిది యెవరిలో బయటపడే అవకాశం యెక్కువ?

అందరికన్నా ముందు చెప్పవలసింది చిన్నతనంలో మెడకి రేడియేషను తగిలినవాళ్లను. ఒకప్పుడు అమెరికాలో టాన్సిల్సు వాచినా, మొటిమలు వచ్చినా పిల్లలకి ఎక్స్‌రే చికిత్స చేసేవారు. వాళ్లలో కొందరికి పెద్దయ్యాక థైరాయిడు కాన్సరు రావడం 1950 నుంచీ వైద్యుల దృష్టికి వచ్చింది. 1986లో చెర్నోబిల్ అణుకేంద్రం పేలినప్పుడు గాలిలో కలిసిన అయోడిను గడ్డిమీద పడి, ఆవుపాల ద్వారా పిల్లల గొంతుల్లోకి చేరింది. 2005 నాటికి బెలారుస్, ఉక్రెయిన్, రష్యాలలో ఆనాటి పిల్లల్లో 6 వేలకు పైగా థైరాయిడు కాన్సర్లు లెక్కకి వచ్చాయి. పిల్లల థైరాయిడు రేడియేషనుకి అంత సుకుమారం.

రెండోది కుటుంబం. తల్లి, తండ్రి, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములలో యెవరికైనా థైరాయిడు కాన్సరు వచ్చి వుంటే డాక్టరుతో ముందే చెప్పాలి. మెడుల్లరీ అనే రకం కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. అది వేరే జాతి, దానికి వైద్యం కూడా వేరే.

మూడోది వయసు, ఆడా మగా తేడా. యీ గడ్డలు ఆడవాళ్లలోనే యెక్కువ, కాన్సరు కూడా లెక్కకి ఆడవాళ్లలోనే యెక్కువ. కాని మగవాడి మెడలో గడ్డ లేచిందంటే, అది చెడ్డదయ్యే అవకాశం ఆడమనిషి గడ్డకన్నా యెక్కువ. అలాగే పసివయసులో వచ్చిన గడ్డనీ, ముసలితనంలో కొత్తగా వచ్చి గబగబా పెరిగే గడ్డనీ తేలిగ్గా తీసుకోరు.

తరవాత జబ్బు తీరు. గడ్డలు చాలా వుంటే భయం లేదు, ఒంటిగడ్డే చెడ్డదని పూర్వం అనుకునేవారు. గడ్డలు యెన్ని వున్నా మనిషికి వుండే ముప్పు దాదాపు ఒకటేనని తరవాత తేలింది. అతిగా పనిచేసే థైరాయిడులో కాన్సరు వుండదనే నమ్మకం కూడా వుండేది. అలాంటి గ్రంథి తీసినప్పుడు కూడా అప్పుడప్పుడూ దొరుకుతూనే వున్నది. గడ్డలున్నవారిలో రక్తంలో టీ.ఎస్.హెచ్. యెక్కువగా వుంటే అనుమానం కాస్త పెరుగుతుంది. హషిమోటో అనే వాపుజబ్బు వున్న గ్రంథుల్లో కూడా యివి తరచు కనిపిస్తున్నాయి గాని, దానికీ దీనికీ నిజంగా చుట్టరికం వుందా, లేక ఒకే యింట్లో కాపురం వుంటున్నారా అనే విషయంమీద వైద్యుల్లో యింకా వాదం నడుస్తున్నది.

యివన్నీ విని, "నాకు వీటిల్లో యేదీ లేదే! ఆడదాన్ని, గడ్డలున్నదాన్ని, అంతేగా?" అన్నాను.

డాక్టరుగారు నవ్వారు. "యింకొకటుందమ్మా. అది మీ ఒంట్లో లేదు. పాథాలజిస్టు బల్లమీద వుంది. తీసిన గ్రంథిని నాలుగు ముక్కలు కోసి చూస్తే నాలుగు ముక్కల్లో వున్నదే కనపడుతుంది. సన్నగా, వరసగా, అంతా కోసి చూస్తే పెసరగింజ కూడా దొరుకుతుంది. మీది చూసినావిడ చాలా జాగ్రత్తమనిషి" అన్నారు.

నాకు మొదటిసారి విషయం అర్థమయింది. యిందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, కాన్సరు వుండటం. రెండోది, వున్నది కనపడటం. మామూలు గడ్డ అనుకుని తీసిన థైరాయిడుల్లో యిలాంటివి యెన్ని దొరుకుతాయంటే, ఒక ఆస్పత్రి లెక్కలో నూటికి ముగ్గురు నలుగురు, మరో ఆస్పత్రి లెక్కలో పదిహేనుమంది. జనం తేడా కొంత, జబ్బు తేడా కొంత, యెంత గ్రంథి తీశారనేది కొంత, యెంత సన్నగా కోసి చూశారనేది కొంత. నా రెండో ప్రశ్నకి కూడా జవాబు దొరికింది. సూది నిమ్మకాయలోకి వెళ్లింది. పెసరగింజ మరో మూల వుంది.

యీ సంగతి బాగా తెలియజెప్పింది ఫిన్లండు దేశం. వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడులను అక్కడి వైద్యులు రెండు మూడు మిల్లీమీటర్ల మందాన వరసగా కోసి చూశారు. 36 మందిలో పాపిల్లరీ కాన్సరు చుక్కలు దొరికాయి! నూటికి ముప్పయి అయిదు మంది పైమాటే. వాళ్లకి బతికున్నన్నాళ్లూ ఆ సంగతి తెలియదు. దానివల్ల బాధా లేదు. యిది 1985లో అచ్చయింది. ఫిన్లండులో యిది మామూలు విషయమేనని ఆ వైద్యులు తమ వ్యాసానికి పేరు కూడా పెట్టారు.

దీనికి మరో మొహం దక్షిణ కొరియాలో కనిపించింది. 1999లో ఆ ప్రభుత్వం కొన్ని కాన్సర్లకి జనమంతటికీ పరీక్షలు మొదలుపెట్టింది. అందులో థైరాయిడు లేదు. కాని ఆస్పత్రులవాళ్లు, 'యెలాగూ వచ్చారుగా, కాస్త డబ్బు కడితే మెడ కూడా చూస్తాం' అన్నారు. చూశారు. చూస్తే దొరకదా? 1993తో పోలిస్తే 2011 నాటికి ఆ దేశంలో థైరాయిడు కాన్సరు పదిహేనురెట్లయింది. ఆ ఒక్క యేడే 40 వేలమందికి పైగా తేలారు. దాంతో చనిపోయేవారి సంఖ్య మాత్రం పెరగలేదు, తగ్గలేదు. దొరికినవాళ్లలో దాదాపు అందరికీ ఆపరేషన్లు చేశారు. అలా చేయించుకున్న 15 వేలమంది పైచిలుకు లెక్క తీస్తే, నూటికి 11 మందికి కాల్షియం గ్రంథులు దెబ్బతిన్నాయి. నూటికి యిద్దరికి స్వరతంత్రి పడిపోయింది. 2014లో అక్కడి వైద్యులే కొందరు గొంతెత్తారు. ఆ తరవాత యేడాదిలోనే ఆపరేషన్లు మూడోవంతుకి పైగా తగ్గాయి.

ఆ 'నూటికి యిద్దరు' దగ్గర నా వేలు ఆగిపోయింది. వాళ్లలో యెంతమంది పంతులమ్మలో, యెంతమంది పాటగత్తెలో!

మరి చుక్క కనపడ్డాక చూస్తూ వూరుకోవచ్చా? జపానులో కోబే పట్టణంలోని కుమా ఆస్పత్రివాళ్లు యీ పని 1993 నుంచీ చేస్తున్నారు. ఒక సెంటీమీటరు లోపల వుండి, గ్రంథి దాటి పోని చుక్కలను వెంటనే కోయకుండా, యేటేటా స్కానింగు చేసి కనిపెట్టి వుంటారు. అలా కనిపెట్టిన 1,235 మంది సంగతి 2014లో ప్రకటించారు. పదేళ్లలో మూడు మిల్లీమీటర్లో అంతకన్నా యెక్కువో పెరిగినవి నూటికి 8. మెడలోని బిళ్లలకి పాకినవి నూటికి నాలుగు లోపు. పెరిగినవాళ్లకి అప్పుడు ఆపరేషను చేశారు. థైరాయిడు కాన్సరుతో చనిపోయినవాళ్లు ఒక్కరు కూడా లేరు.

"వాళ్లు లోపల వుంచుకుని చూస్తున్నారు. మీది తీసేసి సీసాలో పెట్టాం" అన్నారు డాక్టరుగారు.

తెలుగు పంతులమ్మని కాబట్టి నాకు నచ్చిన సంగతి మరొకటి చెప్పాలి. థైరాయిడు గడ్డల్లో ఒక రకం వుంది. గూడు కట్టుకుని దానిలోనే వుంటుంది, గోడ దాటదు. దాన్ని కూడా యేళ్లతరబడి కాన్సరనే పిలిచారు. అలాంటివి వున్న 109 మందిని 10 నుంచి 26 యేళ్లపాటు చూసిన లెక్కలు తీస్తే, అందరూ బతికే వున్నారు, జబ్బు తిరగబెట్టలేదు. అప్పుడు నానాదేశాల వైద్యులు కూడి, 2016లో దాని పేరులోంచి 'కార్సినోమా' అనే మాటని తీసేశారు! పేరు మారిస్తే జబ్బు మారదు. కాని ఆ పేరు విని బెదిరి, లేనిపోని వైద్యం చేయించుకునే మనిషి బతుకు మారుతుంది. నాది ఆ రకం కాదు. నా పెసరగింజ పేరు యిప్పటికీ కాన్సరే. అయితేనేం, మాటకి యెంత బరువు వెయ్యాలో తెలుసుకున్నాను.

యింతవరకూ విని యెవరూ నిర్లక్ష్యానికి దిగకండి. డాక్టరుగారు నా రిపోర్టు బల్లమీద పరిచి, పంక్తి పంక్తికీ వేలు పెట్టి చూపించారు. చుక్క సెంటీమీటరులోపు వుందా? వుంది. ఒకటేనా, అక్కడక్కడా వున్నాయా? ఒకటే. గ్రంథి గోడ దాటిందా? లేదు. కోసిన అంచుకి దూరంగా వుందా? దూరంగానే వుంది. రక్తనాళాల్లోకి పోయిందా? లేదు. దూకుడు రకమా? కాదు. మెడలో బిళ్లలున్నాయా? స్కానింగులో లేవు. మిగతా సగంలో గడ్డలున్నాయా? లేవు. చిన్నప్పుడు రేడియేషను? కుటుంబంలో యెవరికైనా? లేదు, లేదు.

"వీటిలో ఒకటి రెండు మరోలా వుంటే నేనే రెండో ఆపరేషనుకి రమ్మనేవాణ్ణి. సెంటీమీటరు దాటినవి, గోడ దాటినవి, బిళ్లలకి పాకినవి, మెడుల్లరీ రకంవి – వాటి దారి వేరు. అప్పుడు మీరు వద్దన్నా నేను బతిమాలేవాణ్ణి. మీకు మాత్రం తీసిన సగంతో సరి. ఆరు నెలలకి స్కానింగు, తరవాత యేడాదికోసారి. మిగిలిన సగం చాలినంత పని చేస్తున్నదో లేదో రక్తపరీక్షతో చూద్దాం. చాలకపోతే చిన్నమాత్ర" అన్నారు.

అంటే చిన్నపాముకి పెద్దకర్ర అక్కర్లేదా? వుందనుకోండి, కాని ముందు అది పామో తాడో దీపం పట్టుకుని చూడాలి. చూశాక, అది నిజంగా పామే అయినా, చచ్చిన పామో కాదో కూడా చూడాలి. అంతా చూసి, రెండో ఆపరేషను వద్దనుకున్నాను. మావారు, "నీ గొంతు, నీ నిర్ణయం" అన్నారు. యిరవై యేళ్ల కాపురంలో ఆయన అంత పొట్టిగా యెప్పుడూ మాట్లాడలేదు.

అత్తగారికి మరో సందేహం వచ్చింది. "యీ అయోడిన్ ఉప్పువల్లే వచ్చిందేమో, మానేద్దామా?" అని. యీ ఉప్పుతో మనకో బంధుత్వం వుంది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారు పాథాలజిస్టు. అంటే నా పెసరగింజని పట్టుకున్నావిడ చేసే పనే ఆయనదీ. హిమాలయాల కింది కాంగ్రా లోయలో యింటింటా గళగండాలు వుంటే, 1956లో మొదలుపెట్టి, ఉప్పులో అయోడిన్ కలిపి యిస్తే అవి తగ్గుతాయని ఆయనా, ఆయన తోటివారూ నిరూపించారు. 1962లో కేంద్రప్రభుత్వం గళగండ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. అయోడిన్ చాలని చోట గళగండాలు యెక్కువ, థైరాయిడు కాన్సర్లలో పాపిల్లరీకన్నా మొండిదైన ఫాలిక్యులర్ రకం పాలు కూడా యెక్కువ. అయోడిన్ చాలినంత దొరికే చోట నాకు వచ్చిన నెమ్మది రకం పాలు యెక్కువ. అంచేత ఉప్పు మానలేదు. కడుపుతో వున్న మా మేనకోడలికి అయితే అది తప్పనిసరి అని అత్తగారికి చెప్పాను.

కిందటి సోమవారం కాలేజీకి వెళ్లాను. గొంతు పూర్తిగా రాలేదు. పైస్థాయి కాస్త బరకగా వుంది. అయినా గజేంద్రమోక్షం యెత్తుకున్నాను. రెండో పద్యంలో గొంతు చీలింది. క్లాసు నిశ్శబ్దమయింది. వెనకబెంచీలో కూర్చునే ఒక అల్లరిపిల్ల లేచి, "యేనుగు నిజంగా అలిసిపోయినట్టుంది మేడమ్" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

యీ పేజీ చదివే అక్కచెల్లెళ్లకి, అన్నదమ్ములకి నా మనవి యిది. థైరాయిడు ఆపరేషను చేయించుకోబోతున్నవాళ్లు చిన్నప్పటి రేడియేషను సంగతీ, కుటుంబం సంగతీ డాక్టరుకి ముందే చెప్పండి. గొంతు హఠాత్తుగా బొంగురుపోయినా, గడ్డ గట్టిగా వున్నా, గబగబా పెరుగుతున్నా దాచకండి. కట్టు విప్పించుకోవడంతో పని అయిపోయిందనుకోకండి. రిపోర్టు అడిగి తీసుకోండి. అందులో ఆ మాట వుంటే, పైన నేను రాసిన ప్రశ్నలు కాగితంమీద రాసుకుని వెళ్లి, ఒక్కొక్కటే అడగండి. అన్నిటికీ జవాబు వచ్చాకే యే నిర్ణయమైనా.

ఆ మర్నాడు పెద్దాడపడుచు విజయవాడనుంచి చూడ్డానికి వచ్చింది. భోజనాలయ్యాక, యింట్లో యెవరూ లేకుండా చూసి, సంచిలోంచి ఒక పాత గోధుమరంగు కవరు తీసి నా ఒళ్లో పెట్టింది. తొమ్మిదేళ్ల కిందటి ఆవిడ బయాప్సీ రిపోర్టు. కవరు మూతికి కొట్టిన పిన్ను తుప్పు పట్టి వుంది. యెవరూ విప్పలేదు.

"అప్పుడు తీసుకుని వచ్చాను గాని విప్పడానికి చేతులు రాలేదే. మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి కూడా పోలేదు. బీరువాలో చీరల కింద పెట్టాను. నీ సంగతి తెలిసినప్పటినుంచీ నాకు నిద్ర లేదు" అంది.

పిన్ను వూడదీసి, కళ్లజోడు పెట్టుకుని, పైనుంచి కిందిదాకా మెల్లగా చదివాను. నా అలవాటుకొద్దీ అయిదో పంక్తి కోసం వెతికాను. మామూలు గడ్డ, యెక్కడా కాన్సరు లేదు అని వుంది.

"యేమీ లేదు వదినా" అన్నాను.

ఆవిడ మాట్లాడలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి, "యింకోసారి చదువు" అంది.

యింకోసారి చదివాను, యీసారి తెలుగులో.